అదే పాపాన్ని ప్రతిసారీ పాపసంకీర్తనంలో చెప్పుకుంటున్నాను, దీనికేమైనా అర్థం ఉందా?

మీరు అడిగింది ఇదీ: పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ గారి ముందు పాపాలు ఒప్పుకునేటప్పుడు, ప్రతిసారీ అదే కోపం, అవే అబద్ధాలు చెప్పుకుంటూ "ఇక చేయను" అనడం దేవుడి దగ్గర బొంకడం కాదా? బయటికొచ్చాక సరిగ్గా చెప్పానో లేదో అని అనుమానం పట్టుకుంటే పాతవన్నీ మళ్లీ చెప్పాలా? అదే ఫాదర్ గారి ముందు మోకరిల్లడానికి సిగ్గేస్తోంది, ఏం చేయాలి? ఈ అనుమానాల వల్ల ఆదివారం పూజలో సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) తీసుకోకుండా వెనకే కూర్చుండిపోతున్నానని కూడా రాశారు.

నేను గురువును, అంటే ఫాదర్‌ను, కాను. సత్యోపదేశం (కథోలిక విశ్వాస పాఠాలు) నేర్చుకున్న మామూలు విశ్వాసిని. కాకపోతే మీరు చెప్పిన వాటన్నిటితోనూ చాలాకాలం కాపురం చేసినవాణ్ణి.

మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. మనస్తాప జపం (పాపాలకు బాధపడుతున్నానని చెప్పే ప్రార్థన) చెప్పేటప్పుడు మనల్ని జోస్యం చెప్పమని ఎవరూ అడగడం లేదు. కథోలిక బిషప్పుల ట్రెంటు మహాసభ 1551లో పశ్చాత్తాపం అంటే ఏమిటో చెప్పింది: చేసిన పాపానికి మనసులో బాధ, ఆ పాపం మీద ఏవగింపు, ఇక చేయకూడదన్న తీర్మానం. మళ్లీ పడిపోనన్న నమ్మకం ఉండాలని అందులో లేదు. పోపు రెండవ జాన్ పాల్ గారు 1996 మార్చిలో కార్డినల్ విలియం బామ్ గారికి రాసిన లేఖలో సరిగ్గా మీ ప్రశ్ననే ఎత్తుకున్నారు. గత అనుభవాన్ని బట్టి, మన బలహీనతను బట్టి మళ్లీ పడతామేమోనని భయం ఉండొచ్చు. చేతనైనంతవరకు తప్పించుకోవాలన్న సంకల్పం, దానికి తోడు ప్రార్థన ఉంటే ఆ భయం వల్ల మన తీర్మానం అబద్ధమైపోదు. ఆయన చెప్పిన సారం ఇది. "ఎలాగూ చేస్తాను కదా, చెప్పేసి వద్దాం" అనుకుని వెళ్తే అది వేరే సంగతి. మీరు అలా అనుకునేవారైతే ఈ ప్రశ్నే రాసుండేవారు కాదు.

ఏడుపు రాలేదని బాధపడేవాళ్లూ ఉన్నారు. రానక్కర్లేదు. దేవుని మీద ప్రేమతో కలిగే పశ్చాత్తాపం ఉత్తమమే. కానీ పాపం వికారంగా కనిపించో, శిక్షకు భయపడో కలిగే అసంపూర్ణ పశ్చాత్తాపం కూడా ఈ సంస్కారంలో క్షమాపణ పొందడానికి చాలునని శ్రీసభ (కథోలిక సంఘం) బోధ. గురువు "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున" అని విమోచనం (పాపక్షమాపణ మాట) పలికినప్పుడు జరిగేది క్రీస్తు చేసే పని. ఆ క్షణాన నా గుండె కరిగిందా లేదా అన్నదాని మీద అది ఆధారపడి ఉంటే మనలో ఎంతమందికి క్షమాపణ దొరికేది?

ఇక కోపం. నా జాబితాలోనూ ఎప్పుడూ అదే మొదట ఉండేది. "కోపపడ్డాను ఫాదర్" అని చెప్పడం, ఆయన జపాలు చెప్పుకోమనడం, నేను చెప్పుకుని వచ్చేయడం. ఒకసారి ఓ పెద్ద వయసు గురువు దొరికారు. ఎన్నిసార్లు అని అడగలేదు. "ఎవరి మీద?" అన్నారు. ఇంట్లోవాళ్ల మీద, నా కింద పనిచేసేవాళ్ల మీద అన్నాను. "పై అధికారి మీద ఎప్పుడైనా అరిచావా?" లేదన్నాను. "అయితే నీ కోపం అదుపులోనే ఉందయ్యా. మనిషిని చూసుకుని బయటికొస్తోంది" అన్నారు. ప్రాయశ్చిత్తంగా జపమేమీ ఇవ్వలేదు. చివరిసారి ఎవరి మీద అరిచానో వాళ్లకు ఆ రాత్రిలోగా ఏదో ఒక ఉపకారం చేయమన్నారు, అదీ చెప్పుకోకుండా.

అప్పటి నుంచి "కోపపడ్డాను" అనడం మానేశాను. "నాకు ఎదురు చెప్పలేనివాళ్ల మీద అరిచాను" అంటున్నాను. పాపం పేరు అదే, కానీ లోపల ఏముందో ఇప్పుడు కనిపిస్తోంది. కోపం పోయిందా అంటే పోలేదు. కాకపోతే నోరు తెరిచే ముందు ఎదుటి మనిషి ఎవరో చూసుకుంటున్నాను. మీ ఆత్మశోధనలో కూడా ఎన్నిసార్లు అన్న లెక్క కాస్త పక్కనపెట్టి ఎప్పుడు, ఎవరి దగ్గర, దేనికోసం అని అడిగి చూడండి. అబద్ధాలకైతే ఇది మరీ పనికొస్తుంది. పరువు కోసం ఆడేది ఒకటి, డబ్బు కోసం ఆడేది ఇంకొకటి, తిట్లు తప్పించుకోవడానికి ఆడేది వేరొకటి. అబద్ధం వల్ల ఒకరి పేరు చెడితే పాపసంకీర్తనంతో పని పూర్తి కాదు, ఆ నష్టాన్ని చేతనైనంతవరకు సరిదిద్దాలి. ఈ మాట చాలామందికి నచ్చదు, నాకూ అంత సులువుగా మింగుడుపడలేదు.

లెక్క విషయం కూడా చెప్పాలి. చావైన పాపాలైతే ఏ పాపమో, ఎన్నిసార్లో గుర్తున్నంతవరకు చెప్పాలి. చావైన పాపం కావాలంటే విషయం గంభీరమైనదై ఉండాలి, అది గంభీరమని తెలిసుండాలి, తెలిసీ మనస్ఫూర్తిగా ఒప్పుకుని చేసుండాలి. మూడూ ఉండాలి. అలవాటు, భయం, ఆవేశం మన బాధ్యతను తగ్గించగలవని కూడా సత్యోపదేశ గ్రంథం చెబుతుంది. స్వల్ప పాపాలను చెప్పుకోవడం తప్పనిసరి కాదు, కానీ శ్రీసభ గట్టిగా ప్రోత్సహిస్తుంది. మీరు రాసినవి ఎక్కువగా ఈ రెండో కోవలోవే అనిపిస్తోంది, తీర్పు మాత్రం మీ గురువుదే.

ఇక బయటికొచ్చాక వచ్చే అనుమానం. ఇదొక పాత జబ్బు, పునీతులనూ వదల్లేదు. యేసు సభ స్థాపకుడు లొయోలా ఇగ్నేషియస్ 1522లో స్పెయిన్‌లోని మోంట్‌సెరాట్‌లో తన పాపాలన్నీ కాగితం మీద రాసుకుని మూడు రోజుల పాటు చెప్పుకున్నారు. అయినా మన్రేసాకు వెళ్లాక "అది చెప్పలేదేమో, ఇది సరిగ్గా చెప్పలేదేమో" అన్న వేదన ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దాకా తీసుకెళ్లింది. చాలా స్పష్టంగా ఉంటే తప్ప పాతవి చెప్పొద్దని గురువు ఆదేశించారు. కానీ ఆయనకు అన్నీ స్పష్టంగానే కనిపించేవి! చివరికి గతంలోని పాపాలను మళ్లీ ఎత్తకూడదని నిశ్చయించుకున్నాకే విడుదల దొరికింది. పాపసంకీర్తనం వినే గురువులకు పాలక పునీతుడైన అల్ఫోన్సు లిగోరి కూడా ఇదే బాధ పడ్డారు. ఇలాంటివారికి ఆయన చెప్పిన మందు ఒకటే: ఒక గురువును ఎంచుకో, ఆయన మాట విను.

కాబట్టి మరిచిపోయిన పాపం మిగతావాటితో పాటే మన్నించబడింది. అది చావైనదని తర్వాత గుర్తొస్తే వచ్చేసారి ఒక్క మాటలో చెప్పండి చాలు. కావాలని దాచిన చావైన పాపం ఉంటే మాత్రం దాన్ని తప్పక చెప్పాలి, దాచానన్న సంగతితో సహా. ఈ రెండింటికీ తేడా మీకు తెలుసు. అనుమానాల మనిషి ఆ తేడాను కూడా అనుమానిస్తాడు, అందుకే గురువు మాట పట్టుకోమనేది. చేతులు పదేపదే కడుక్కోవడం, తాళం మళ్లీమళ్లీ చూసుకోవడం లాంటివి కూడా ఉంటే మానసిక వైద్యుణ్ణి కలవండి. దానివల్ల విశ్వాసానికేమీ లోటు రాదు.

సిగ్గు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఏ గురువు దగ్గరికైనా వెళ్లే స్వేచ్ఛ మీకుంది. తెర వెనక నుంచి చెప్పుకోవచ్చు. విన్నది బయటపెట్టిన గురువు నేరుగా శ్రీసభ బహిష్కారానికి గురవుతాడు. అయినా మీ పరిస్థితిలో నేనైతే ఆయన్నే పట్టుకుంటాను. మీ పాత కథ తెలిసినవాడే "ఎవరి మీద?" అని అడగగలడు. కొత్తవాళ్ల దగ్గర ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వెళ్లగానే "ఫాదర్, నాకు అనుమానాలెక్కువ, ఏది చెప్పాలో ఏది వదిలేయాలో మీరే చెప్పండి" అని ముందే అనేయండి. నేను అలా అన్నప్పుడు ఎవరూ విసుక్కోలేదు.

సత్ప్రసాదానికి మాత్రం వెనక కూర్చోవద్దు. చావైన పాపం చేశానని తెలిస్తే ముందు పాపసంకీర్తనం చేసుకోవాలి, అది నియమం. స్వల్ప పాపాలు ఉన్నాయని ఆగిపోవాలని శ్రీసభ ఎక్కడా చెప్పలేదు. పైగా యోగ్యంగా స్వీకరించే సత్ప్రసాదమే స్వల్ప పాపాలను కడుగుతుందని దాని బోధ. "ఏమో, చావైనదేమో" అన్న అనుమానం పీడిస్తుంటే ఈ వారమే ఫాదర్ గారిని అడగండి. వెళ్లమంటే ఆదివారం వరుసలో నిలబడండి, బలిపీఠం దగ్గరికి వచ్చాక మళ్లీ లెక్కలు మొదలుపెట్టకండి.