వర్చువలైజేషన్ నేర్పబోతున్న మేనకోడలికి

హైదరాబాద్

చిరంజీవి అమ్ములుకు, మామయ్య ఆశీస్సులు.

అమీర్‌పేటలో వర్చువలైజేషన్ (ఒకే సర్వర్ మీద చాలా కంప్యూటర్లను సాఫ్ట్‌వేర్‌గా నడపడం), క్లౌడ్ వీకెండ్ బ్యాచ్ నీ చేతికి ఇచ్చారని అక్క చెప్పింది. చాలా సంతోషమమ్మా. నువ్వు పంపిన సిలబస్ శ్రద్ధగా చదివాను. హోస్ట్ (వీఎంలను మోసే అసలు సర్వర్) ఇన్‌స్టాల్ చేయడం, వీసెంటర్ (హోస్టులన్నిటినీ ఒక్క చోటి నుంచి చూసుకునే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) పెట్టడం, వీఎం (హోస్ట్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే వర్చువల్ మెషీన్) తయారుచేయడం, అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఇన్‌స్టన్స్ (అద్దెకు తీసుకునే వీఎం) లేపడం... అన్నీ వరసగా ఉన్నాయి. పాడైనదాన్ని బాగుచేయడం మాత్రం ఎక్కడా లేదు. నీ దగ్గరకు వచ్చేవాళ్లకు ఆఫీసులో జీతం ఇచ్చేది ఎక్కువగా ఆ పనికే. అందుకే ఈ ఉత్తరం.

ముందు వచ్చేవాళ్ల సంగతి చూడు. శనివారం పొద్దున క్లాసంటే కొందరు గచ్చిబౌలిలోనో నానక్‌రాంగూడలోనో నైట్ షిఫ్ట్ ముగించుకుని నేరుగా మెట్రో ఎక్కి వస్తారు. వాళ్లలో ఏళ్ల తరబడి సర్వర్లు చూసినవాళ్లు ఉంటారు. ర్యాక్‌లో సర్వర్ బిగించడం, అర్ధరాత్రి పోయిన డిస్క్ మార్చడం వాళ్లకు నువ్వు చెప్పక్కర్లేదు. అలాంటివాళ్లకు, వీఎంలను నడిపే సాఫ్ట్‌వేరైన హైపర్‌వైజర్ అంటే ఏమిటని గంటసేపు స్లైడ్లు వేస్తే నిద్ర వస్తుంది, అందులో వాళ్ల తప్పేం లేదు. పొద్దున పూట ల్యాబ్ పెట్టు, చెప్పాల్సింది మధ్యమధ్యలో చెప్పు. వయసులో నీకంటే పెద్దవాళ్లను గారూ అనే పిలువు. ఎవరైనా నీకు తెలియనిది అడిగితే, వచ్చే వారం ల్యాబ్‌లో చేసి చూద్దామని చెప్పి, నిజంగా చేసి చూపించు. గౌరవం దానంతట అదే వస్తుంది.

వాళ్లకు తెలిసిన చోటు నుంచే మొదలుపెట్టు. ఈ సర్వర్‌కు నెట్‌వర్క్ కేబుల్ ఎక్కడ పెడతారని అడుగు. తర్వాత బోర్డు మీద ఒక్క ప్యాకెట్ దారి గీయించు. వీఎంలోని వర్చువల్ నెట్‌వర్క్ కార్డు, పోర్ట్ గ్రూప్ (వర్చువల్ స్విచ్‌లో ఒకే సెట్టింగులున్న పోర్టుల గుంపు), దాని వీలాన్ నంబరు (ఒకే స్విచ్ మీద నెట్‌వర్క్‌లను విడదీసే నంబరు), వర్చువల్ స్విచ్, హోస్ట్ అసలు నెట్‌వర్క్ కార్డు, బయటి స్విచ్‌లో ట్రంక్ పోర్ట్ (చాలా వీలాన్లను ఒకే కేబుల్ మీద పంపేది), చివర గేట్‌వే (వేరే నెట్‌వర్క్‌లకు దారి). ఈ బొమ్మ చూడకుండా గీయగలిగేదాకా ముందుకు వెళ్లొద్దు. కొత్త వీఎంకు నెట్‌వర్క్ రావడం లేదని వచ్చే టికెట్లలో చాలావాటికి కారణం ఈ దారిలోనే దొరుకుతుంది. ట్రంక్‌లో ఆ వీలాన్‌ను అనుమతించడం మర్చిపోయి, వీఎంను మాత్రం పదిసార్లు రీస్టార్ట్ చేసేవాళ్లు ఎంతమందో.

ల్యాబ్ విషయంలో యాజమాన్యంతో గట్టిగా మాట్లాడు. వీసెంటర్ 8లో అన్నిటికంటే చిన్న సైజుకే 14 జీబీ ర్యామ్ కావాలి. వీఎంవేర్ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్‌ఐ 8కి హోస్ట్‌కు కనీసం 8 జీబీ, పని జరగాలంటే అంతకంటే ఎక్కువే. ఒక్కొక్కరికీ మూడు హోస్టులు ఇవ్వాలంటే 16 జీబీ ల్యాప్‌టాప్ ఎక్కడ సరిపోతుంది? ఒక పెద్ద సర్వర్ మీద హోస్టులనే వీఎంలుగా నడిపే నెస్టెడ్ పద్ధతి పెట్టించు. అందులో రెండు చోట్ల అందరూ ఆగిపోతారు. హార్డ్‌వేర్ వర్చువలైజేషన్‌ను లోపలి ఓఎస్‌కు కనిపించేలా టిక్ పెట్టకపోతే ఈఎస్ఎక్స్‌ఐ లోపల వీఎంలు ఆన్ కావు. బయటి పోర్ట్ గ్రూప్‌లో ప్రామిస్క్యువస్ మోడ్, ఫోర్జ్‌డ్ ట్రాన్స్‌మిట్స్ (తనవి కాని అడ్రస్‌ల ప్యాకెట్లను రానిచ్చే, పోనిచ్చే సెట్టింగులు) అనుమతించకపోతే ఆన్ అయిన వీఎంలు కూడా బయటకు మాట్లాడలేవు.

లైసెన్సుల సంగతి మొదటి క్లాసుకు ముందే రాతపూర్వకంగా తేల్చుకో. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నాక, ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్సులు ఆపేశారు. ఉచిత ఈఎస్ఎక్స్‌ఐని 2024లో తీసేసి 2025లో మళ్లీ ఇచ్చారు, అయితే దాన్ని వీసెంటర్‌కు కలపలేం. కాబట్టి నీ ల్యాబ్‌కు అది చాలదు. ఎవరో వాట్సాప్‌లో పంపిన కీ మాత్రం ముట్టుకోవద్దు. చదువు చెప్పే చోటే దొంగ కీ వాడితే పిల్లలు ఆఫీసులోనూ అదే చేస్తారు. ఖర్చు పెరగడంతో చాలా ఆఫీసులు ఇప్పుడు వేరే దారులు చూస్తున్నాయి. అందుకని కొన్ని క్లాసులు ఓపెన్ సోర్స్ వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేరైన ప్రాక్స్‌మాక్స్‌కు ఇవ్వు. దాని కింద ఉన్న హైపర్‌వైజర్ కేవీఎం 2007 నుంచీ లినక్స్ కెర్నెల్‌లో భాగమే. ఒకే పని రెండు చోట్లా చేసి చూసినవాడికి ఏది కంపెనీ మెనూ, ఏది అసలు విషయం అన్నది తెలిసిపోతుంది.

ఇక పాడుచేసి నేర్పడం. వీసెంటర్ ఇన్‌స్టాల్ చేయించే ముందు రోజు, డీఎన్‌ఎస్‌లో (పేరుకు ఐపీ అడ్రస్ చెప్పే సర్వీసులో) దాని పీటీఆర్ రికార్డ్ (ఐపీ నుంచి పేరు చెప్పేది) నువ్వే తీసేయి. ఒకరిద్దరి హోస్టుల్లో టైమ్ కూడా కాస్త జరుపు. ఇన్‌స్టలేషన్ మధ్యలో ఆగినప్పుడు గది అంతా టెన్షన్. అప్పుడు సాయం చేయకు, కూర్చో. ఎర్రర్ మెసేజ్ గట్టిగా చదివించు, లాగ్ తెరిపించు, పేరు నుంచి ఐపీ, ఐపీ నుంచి పేరు రెండూ ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్‌తో డీఎన్‌ఎస్‌ను అడిగించు. ఆ పొద్దు పోయిన రెండు గంటల గురించి బాధపడకు. తర్వాత వాళ్లు ఏ ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టినా ముందు డీఎన్‌ఎస్, టైమ్ చూసుకునే కూర్చుంటారు.

సీపీయూ రెడీ టైమ్‌కు (వీఎం పనికి సిద్ధంగా ఉండి అసలు సీపీయూ కోసం వేచి ఉండే సమయం) ఒక పూట మొత్తం కేటాయించు. అప్లికేషన్ స్లోగా ఉందంటే మరో నాలుగు వీసీపీయూలు (వీఎంకు ఇచ్చే వర్చువల్ సీపీయూలు) ఇచ్చేయడం మన ఆఫీసుల్లో అలవాటు. నిండిన హోస్ట్ మీద అలా ఇస్తే ఇంకా స్లో కావచ్చు. ఇది నమ్మించడానికి పెళ్లి బంతి పోలిక చెప్పు. ఎనిమిది మంది పక్కపక్కనే కూర్చోవాలని పట్టుబడితే ఎనిమిది చోట్లు ఖాళీ అయ్యేదాకా నిలబడాలి. ఇద్దరే వచ్చినవాళ్లు ఈలోగా తిని చేయి కడిగేసుకుంటారు. ఇప్పటి ఈఎస్ఎక్స్‌ఐ ఆ పట్టు బాగా సడలించింది గానీ, వరసలో నిలబడటం పోలేదు. తర్వాత లెక్క చేయించు. వీసెంటర్ రియల్ టైమ్ గ్రాఫ్‌లో ఒక్కో చుక్క 20 సెకన్లకు, అంటే 20,000 మిల్లీసెకన్లకు. ఒక వీసీపీయూకు రెడీ విలువ 2,000 ఉంటే ఆ సమయంలో 10 శాతం ఊరికే వేచి ఉందన్నమాట. వీఎం మొత్తానికి చూపే అంకె అయితే వీసీపీయూల సంఖ్యతో భాగించాలని గుర్తుచెయ్యి, అక్కడే అందరూ తప్పుతారు. 8 వీసీపీయూల వీఎంను 2కు తగ్గించి, అదే లోడ్ మళ్లీ పెట్టి, గ్రాఫ్ దిగడం వాళ్ల కళ్లతో చూడనివ్వు.

స్నాప్‌షాట్ (వీఎం ఒక క్షణంలో ఉన్న స్థితిని పట్టి ఉంచడం) బ్యాకప్ కాదని ప్రతి క్లాసులో చెప్పినా ఎక్కువ కాదు. ఒక ఆసుపత్రిలో అప్‌డేట్‌కు ముందు తీసిన స్నాప్‌షాట్‌ను తర్వాత ఎవరూ తొలగించలేదు. ఆ తర్వాతి మార్పులు రాసుకునే డెల్టా ఫైల్ పెరిగి పెరిగి, వీఎంల ఫైళ్లు ఉండే డేటాస్టోర్ నిండిపోయింది, బిల్లింగ్ వీఎం ఆగిపోయింది. కౌంటర్ దగ్గర జనం, లోపల అడ్మిన్‌కు చెమటలు. స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేర్ వాళ్లే చెబుతారు. ల్యాబ్‌లో ఒక చిన్న డేటాస్టోర్‌ను ఇలాగే నింపించి, చోటు చేసుకుని వీఎంను లేపడం నేర్పు. బ్యాకప్ క్లాసులో తీయడం కంటే రీస్టోర్ చేయడానికి ఎక్కువ సమయం ఇవ్వు.

హెచ్ఏకూ (హై అవైలబిలిటీ) వీమోషన్‌కూ తేడా ఒక్క డెమోతో తెలుస్తుంది. హోస్ట్ పవర్ పీకేయి. హెచ్ఏ వీఎంలను వేరే హోస్ట్ మీద మళ్లీ బూట్ చేస్తుంది, అంటే కాసేపు ఆగుతాయి. ఆగకుండా జరిపేది వీమోషన్, దానికి రెండు హోస్టులూ బతికి ఉండాలి.

క్లౌడ్‌కు వచ్చేసరికి కన్సోల్ మెనూలన్నీ చూపించే పని పెట్టుకోకు, అవి ఆరు నెలలకు మారిపోతాయి. ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది, మూడు అవైలబిలిటీ జోన్లు (ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడిచే డేటా సెంటర్ల గుంపులు) ఉన్నాయి. మన ఊళ్లోదే అని సంబరంగా అందులోనే ల్యాబ్ చేయించు. మొదట గీసిన ప్యాకెట్ బొమ్మ పక్కనే వీపీసీ (క్లౌడ్‌లో మన సొంత నెట్‌వర్క్), సబ్‌నెట్ (అందులో ఒక భాగం), రూట్ టేబుల్ (ప్యాకెట్ ఎటు పోవాలో చెప్పేది), సెక్యూరిటీ గ్రూప్ (దేన్ని రానివ్వాలో చెప్పే ఫైర్‌వాల్) గీయించు. కేబుల్ కనబడదు, ఆలోచించే తీరు మాత్రం మారదు.

అకౌంట్ తెరిచిన రోజే అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌కు ఎంఎఫ్‌ఏ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) పెట్టించు, బడ్జెట్ అలర్ట్ పెట్టించు. అలర్ట్ మెయిల్ మాత్రమే పంపుతుంది, ఖర్చును ఆపదని కూడా చెప్పు. ఇన్‌స్టన్స్ స్టాప్ చేస్తే బిల్లు ఆగిందనుకుంటారు, డిస్క్‌కు మీటరు తిరుగుతూనే ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కు కూడా గంటకు 0.005 డాలర్లు, వాడినా వాడకపోయినా. ప్రతి ఆదివారం క్లాసు చివర పావుగంట బిల్లు పేజీ తెరిపించి, ఏది ఎందుకు పడిందో ఒక్కొక్కరితో చెప్పించు. క్రెడిట్ కార్డు సొంతదైన కుర్రాడికి ఈ పావుగంట ఎంత విలువైనదో నీకే తెలుస్తుంది.

సర్టిఫికేషన్ అడుగుతారు, తప్పకుండా రాయించు. డంప్స్ (బయటికి లీకైన పరీక్ష ప్రశ్నలు) మాత్రం నీ క్లాసులో తిరగనివ్వకు. పరీక్ష పాసై ఇంటర్వ్యూలో నీళ్లు నమిలేవాళ్లను చూసి చూసి చెబుతున్నాను.

చివరి వారం కొత్త పాఠం పెట్టకు. ఒక్కొక్కరి ల్యాబ్‌లో రెండు మూడు లోపాలు దాచి, యాప్ స్లోగా ఉంది, అర్జెంట్ అని ఒక్క లైను టికెట్ ఇవ్వు. నిజం టికెట్లు కూడా ఇంతే ఉంటాయి. మొదట ఏం చూశారు, ఏ పొరను ఎందుకు వదిలేశారు, ఏం మార్చారు అన్నది తేదీ, టైమ్‌తో తెలుగులోనైనా సరే రాయమను. బాగుచేయలేకపోయినా, చూసిన వరస సరిగ్గా ఉంటే మంచి మార్కులే ఇవ్వు.

ల్యాబ్ షీట్లు తయారయ్యాక నాకు పంపు, ఏ లోపాలు ఎక్కడ దాచాలో కూర్చుని చూద్దాం. అక్కకు, బావకు నమస్కారాలు చెప్పు.

మామయ్య