ఇంటి అప్పులు తీర్చాలంటే భార్యాభర్తలు ఎక్కడ మొదలుపెట్టాలి? మా ఇంట్లో ఎలా తీరాయంటే

మీరు అడిగింది ఇది: నెలకు 40 వేల జీతం. క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్, ఊళ్లో ప్రామిసరీ నోట్లు, రెండు లోన్ యాప్‌లు, అన్నీ కలిపి 7 లక్షల దాకా అప్పు. ఇంట్లో రోజూ గొడవ. పైగా ఇందులో కొంత అప్పు సంగతి మీ ఆవిడకి ఇంకా తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి అని.

ఆ చెప్పని అప్పు దగ్గరే మొదలుపెట్టండి. ఈ మాట నీతి చెప్పడానికి అనడం లేదు. ఇల్లు నడిపే మనిషికి అసలు బాకీ ఎంతో తెలియకపోతే, ఆవిడ వేసే లెక్క ప్రతి నెలా తప్పుతుంది. తను అంత పొదుపు చేసినా డబ్బు ఎందుకు మిగలడం లేదో ఆవిడకి అర్థం కాదు, మీరు చెప్పలేరు. మీ ఇంట్లో గొడవలకి సగం కారణం అదే అయి ఉంటుంది.

మేం ఏలూరులో మామగారి ఇంట్లోనే ఉంటాం, కాబట్టి అద్దె లేదు. మావారు ఒక ప్రైవేటు కంపెనీలో స్టోర్ ఇన్‌చార్జి, అప్పట్లో జీతం 28 వేలు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, నెలకు 9 వేలు వచ్చేవి. మామగారి గుండె ఆపరేషన్, అది సర్దుకునేలోపే ఆడపడుచు పెళ్లి. రెండూ తప్పని ఖర్చులే. ఏ అప్పుకి ఆ అప్పు చిన్నదిగానే కనిపించింది. ఒక ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరం కూర్చుని అన్నీ ఒక కాగితం మీద రాస్తే 5 లక్షల 90 వేలు తేలింది. ఆయనకి తెలిసినవన్నీ ఆయన రాశారు. నేను వేస్తున్న చీటీ సంగతి, మా అన్నయ్య దగ్గర తెచ్చిన 50 వేల చేబదులు సంగతి నేను రాశాను.

కాగితం రాశాక మేం చేసిన పని ఒకటుంది, మీరూ తప్పకుండా చేయండి. అన్ని వడ్డీలనీ మన ఊరి లెక్కలోకి మార్చండి, అంటే నెలకు నూటికి ఎన్ని రూపాయలు అని. రెండు రూపాయల వడ్డీ అనగానే మనకి గుండె దడ పుడుతుంది. కార్డు బిల్లు మీద 3.5 శాతం అని చిన్న అక్షరాల్లో ఉంటే ఏమీ అనిపించదు. కానీ అది నెలకు 3.5. అంటే మూడున్నర రూపాయల వడ్డీ, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. మొత్తం నాలుగు రూపాయల పైమాటే. మా కార్డు బాకీ 80 వేలు. నెలకు వడ్డీ, జీఎస్టీ కలిపి 3,300. మేం కడుతున్న మినిమమ్ డ్యూ సుమారు 4 వేలు. అంటే కట్టిన దాంట్లో అసలుకి చేరేది 700 మాత్రమే. ఈ సంగతి మా అత్తయ్యగారికి చెబితే, "నాలుగు రూపాయల వడ్డీయా! ఊళ్లో కరువు రోజుల్లో కూడా ఎవరూ అంత అడగలేదమ్మా" అన్నారు.

పర్సనల్ లోన్ 2 లక్షలు, ఏడాదికి 16 శాతం. అంటే రూపాయి ముప్పై మూడు పైసలు. ఊళ్లో నోట్లు 2 లక్షలు, రెండు రూపాయల వడ్డీ. బండి మీద ఇంకా 60 వేలు ఉంది. బండి షోరూంలో "రూపాయి వడ్డీయే" అన్నారు గానీ అది ఫ్లాట్ వడ్డీ. మనం నెలనెలా అసలు తీరుస్తున్నా మొదటి రోజు అసలు మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. లక్ష రూపాయలు రెండేళ్లకి 12 శాతం ఫ్లాట్ అంటే నిజానికి పడేది నెలకు రూపాయి ఎనభై పైసలు. ఇవన్నీ కూడితే మా ఇంటి నుంచి నెలకు 11 వేలు ఒక్క వడ్డీకే పోతున్నాయి. వచ్చే 37 వేలలో 11 వేలు! మావారు ఆ అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది, ఎందుకంటే శత్రువు ఎవరో మొదటిసారి తెలిసింది.

ఎక్కువ వడ్డీది ముందు తీర్చాలి. అలా మా లెక్కలో కార్డు ముందు వచ్చింది. నా గొలుసు బ్యాంకులో పెట్టి 80 వేలు తెచ్చి కార్డు బాకీ మొత్తం కట్టేశాం. బంగారం మీద మాకు పడింది ఏడాదికి 9 శాతం, అంటే ముప్పావలా వడ్డీ. నెలకు 3,300 పోయే చోట 600 పోయింది. ఆ ఒక్క పనితో నెలకు 2,700 మిగిలాయి. గొలుసు పెడదామన్నది నేను. మీ ఇంట్లో ఆ మాట మీ ఆవిడ నోటి నుంచి రావాలి. మీరు అడగొచ్చు, బలవంతపెట్టకండి. ఇంకో సంగతి, కార్డు బాకీ తీరిన రోజే కార్డు క్యాన్సిల్ చేయించండి. అది జేబులో ఉంటే ఆరు నెలల్లో గోల్డ్ లోనూ ఉంటుంది, కార్డు బాకీ కూడా మళ్లీ ఉంటుంది. మా బంధువుల్లో అలా జరిగిన ఇళ్లు నాకు తెలుసు. గోల్డ్ లోన్‌కి సాధారణంగా ఏడాది గడువు ఉంటుంది. కాబట్టి వడ్డీతో పాటు అసలులో కూడా ఎంతో కొంత మధ్య మధ్యలో కడుతూ ఉండండి, గడువు మర్చిపోతే వేలం నోటీసు వస్తుంది.

ఊరి నోట్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లు ఎక్కువగా మునిగేది అక్కడే. నోటుకి కాలదోషం పట్టేది, అంటే దాని మీద కోర్టుకి వెళ్లే గడువు తీరేది, మూడేళ్లకి. అందుకని మూడేళ్లు నిండేలోపు తిరగరాయమంటారు. తిరగరాసేటప్పుడు కట్టని వడ్డీని అసలులో కలిపేస్తారు. లక్షకి రెండు రూపాయల వడ్డీ చొప్పున మూడేళ్లలో 72 వేలు. కొత్త నోటు 1 లక్ష 72 వేలకి రాస్తారు, అక్కడి నుంచి వడ్డీ మీద వడ్డీ. అందుకే తిరగరాసే రోజు వచ్చేలోపు వడ్డీ బాకీ లేకుండా చూసుకోవడం మొదటి పని. రెండోది, అసలు విడతలుగా తీసుకుంటారా అని అడగడం. చాలామంది "ఇస్తే మొత్తం ఒకేసారి ఇవ్వు" అంటారు. మావారు, నేను కలిసి వెళ్లి నోటు ఉన్న పెద్దాయనతో మాట్లాడాం. నెలకు 5 వేలు అసలులో కడతాం, వడ్డీ రూపాయిన్నర చేయండి బాబాయిగారూ అని అడిగాం. వడ్డీ తగ్గించడానికి ఆయన వెంటనే ఒప్పుకోలేదు. విడతలకి ఒప్పుకున్నారు. ఆరు నెలలు తేదీ తప్పకుండా కట్టాక ఆయనే రూపాయిన్నర చేశారు. కట్టిన ప్రతిసారీ నోటు వెనకాల జమ రాయించి, తేదీ వేయించి, ఫోన్‌లో ఫొటో తీసుకున్నాం. మొత్తం తీరిన రోజు నోటు వెనక్కి తీసుకోకుండా రాకండి. ఎంత దగ్గరివాళ్లైనా సరే.

ఇక నెల ఖర్చు. జీతం పడిన రోజే ఈఎంఐలకీ, నోటుకీ కావలసినంత వేరే అకౌంట్‌లోకి మార్చేసేవాళ్లం. వంటింటి ఖర్చుకి నగదు తీసి వారానికింత అని నాలుగు కవర్లలో పెట్టాను. కూరగాయలు, పాలు, పిల్లల చిరుతిళ్లు అన్నీ అందులోంచే. ఫోన్‌తో స్కాన్ చేస్తే ముప్పై, నలభై ఎటు పోతున్నాయో తెలిసేది కాదు. చేతిలో నోటు తగ్గుతుంటే తెలుస్తుంది. సరుకులు నెలకోసారి హోల్‌సేల్ కొట్లో. జూన్‌లో స్కూలు ఫీజులు, జనవరిలో సంక్రాంతి, బండి ఇన్సూరెన్సు... ఇవి ఏటా వచ్చేవే, అయినా ఏటా అప్పు చేయిస్తాయి. వాటిని కూడి పన్నెండుతో భాగించి నెలనెలా పక్కన పెట్టాం. పిల్లల పాలు, పండ్లు, మామగారి మందులు ముట్టుకోలేదు. నా అభిప్రాయం ఏమిటంటే, ఇంట్లో వాళ్లు రెండు నెలలకే విసిగిపోయేంత గట్టిగా బిగించకూడదు. మనకి మూడేళ్ల ప్రయాణం.

అన్నింటికన్నా కష్టమైంది చదివింపులు. మాఘమాసం, శ్రావణమాసం వచ్చాయంటే వారానికో శుభలేఖ. వెళ్లకపోతే మాట, తక్కువ చదివిస్తే ఇంకో మాట. మా తోటికోడలికీ అదే ఇబ్బంది. ఇద్దరం మాట్లాడుకుని దగ్గరివాళ్లకింత, దూరపువాళ్లకింత అని ఒకే మొత్తం అనుకున్నాం. రెండు ఇళ్ల నుంచీ ఒకే అంకె పడితే ఎవరూ ఎవరితోనూ పోల్చలేరు. ఆ ఒక్క ఒప్పందం మా ఇద్దరికీ ఎంత టెన్షన్ తగ్గించిందో చెప్పలేను.

మీరు గొడవల గురించి రాశారు కాబట్టి ఈ ముక్క శ్రద్ధగా చదవండి. మేం ఆదివారం రాత్రి తప్ప మిగతా రోజుల్లో అప్పు మాట ఎత్తకూడదని పెట్టుకున్నాం. ఆ రోజు కూడా "దేనికి ఖర్చు పెట్టావు" అని కాదు, "అసలు ఎంత తగ్గింది" అనే అడగాలి. మొదటి ప్రశ్న వేస్తే ఎదుటి మనిషి సంజాయిషీ చెప్పుకోవాలి. రెండోదానికి ఇద్దరూ కలిసి లెక్క చూడాలి. నెలాఖరున మిగిలిన మొత్తం అప్పు ఎంతో మా పెద్దమ్మాయి క్యాలెండర్‌లో రాసేది. పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ రాసుకునే క్యాలెండరే. పిల్ల రాస్తుందని మావారు నెలాఖరుకి ఇంకో 500 అయినా కలపాలని చూసేవారు, ఓవర్‌టైం అడిగి మరీ చేసేవారు.

ఏలూరులో మెప్మా (పట్టణాల్లో పేదరిక నిర్మూలన సంస్థ) కింద మాకొక పొదుపు సంఘం ఉంది. అందరూ డ్వాక్రా అనే పిలుస్తారు. అందులో నాలాగే అప్పుల్లో ఉన్న ఇంకో ఇద్దరితో నా పద్దు పుస్తకం చూపించుకోవడం మొదలుపెట్టాను. మీటింగ్ అయ్యాక ఓ పావుగంట, అంతే. "ఈ నెల ఎంత కొట్టావు వదినా?" అని ఒకరినొకరం అడుగుతాం. ఒకావిడ ఫ్రిజ్ వాయిదాల్లో తీసుకోబోతూ ముందు నాకు ఫోన్ చేసింది. నేను వద్దనలేదు, నెలకు నూటికి ఎంత పడుతుందో లెక్కవేసి చెప్పాను. తనే ఆగింది. మా సంఘం పొదుపు డబ్బులోంచి రూపాయి వడ్డీకి ఇచ్చుకుంటాం. ఆ వడ్డీ మళ్లీ సంఘానికే చేరుతుంది. మీ ఆవిడ ఏదైనా సంఘంలో ఉంటే, రెండు రూపాయల నోటు తీర్చడానికి అది మంచి దారి. కొత్త ఖర్చులకి మాత్రం వాడకండి.

చెడ్డ నెలలు వస్తాయి. మా బాబుకి డెంగ్యూ వచ్చిన నెల అసలులో ఒక్క రూపాయీ కట్టలేదు. ముందే దాచిన 10 వేలు ఆస్పత్రికి సరిపోయాయి కాబట్టి కొత్త అప్పు మాత్రం కాలేదు. (అప్పు మీద ఎంత వడ్డీ పడుతున్నా ఆ చిన్న మొత్తం పక్కన ఉండాల్సిందే.) ఆ రాత్రి మావారు "ఇది మన వల్ల తీరేది కాదు" అన్నారు. నేను క్యాలెండర్ తీసి జనవరి నుంచి ఒక్కో కాగితం తిప్పి చూపించాను. ఇంకో సమయంలో నేను కుట్టలేక, నడుం నొప్పితో ఏడుస్తుంటే ఆయన వచ్చి బ్లౌజులకి హుక్సులు కుట్టారు. ఇద్దరూ ఒకే నెలలో కుంగిపోకుండా ఉంటే చాలు.

బండి వాయిదాలు ముందు అయిపోయాయి, ఆ 3 వేలూ నోటుకి కలిపాం. తర్వాత నోట్లు, పర్సనల్ లోన్ కొన్ని నెలల తేడాతో తీరాయి. మధ్యలో గొలుసు విడిపించాం. వడ్డీ లేదు కాబట్టి అన్నయ్య డబ్బు చివర్లో ఇచ్చాం, అయితే ఆ సంగతి మొదటి నెలలోనే చెప్పి, ఎప్పటికి ఇస్తామో కూడా చెప్పాం. మొత్తం మూడేళ్లు పైనే పట్టింది. మీకు అద్దె ఉంటే ఇంకాస్త పట్టొచ్చు.

మీ లోన్ యాప్‌ల గురించి. మా ఇంట్లో అవి లేవు, కానీ సంఘంలో ఒకామె కోసం తెలుసుకున్నాను. ఒక యాప్ తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకోవడం ఈరోజే ఆపండి. ఏ బ్యాంకు పేరుతో, ఏ ఫైనాన్స్ కంపెనీ పేరుతో ఇచ్చారో చూడండి, ఆ పేరు రిజర్వు బ్యాంకు దగ్గర నమోదై ఉండాలి. నమోదైన సంస్థ అయినా వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, మీ బంధువులకి చేసి పరువు తీయకూడదు. అలా చేస్తే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, నెల రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే నేరుగా 1930, సైబర్ క్రైమ్ నంబరు. ఎవరైనా "సగం కట్టు, సెటిల్ చేస్తాం" అంటే ఆలోచించండి. సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర ఉండే రికార్డులో, అది సెటిల్డ్ అనే పడుతుంది, క్లోజ్డ్ అని కాదు, రేపు ఇంటి లోన్‌కి వెళ్తే అడ్డం వస్తుంది.

మీ ఆవిడతో కూర్చునే ముందు మీ క్రెడిట్ రిపోర్టు తీసుకోండి. సిబిల్ లాంటి ఒక్కో క్రెడిట్ సంస్థ ఏడాదికి ఒకటి ఉచితంగా ఇవ్వాలి. మీరు మర్చిపోయిన పాత బాకీలు అందులో బయటపడతాయి. ఊరి నోట్లు అందులో ఉండవు, అవి మీరే రాయాలి. మొత్తం ఒక్కసారే చెప్పండి, ఈ వారం సగం, వచ్చే వారం సగం వద్దు. ఆవిడకి కోపం వస్తుంది, రానివ్వండి. ఆ రోజు లెక్కలు చేయమని అడగకండి. రెండు మూడు రోజులు పోయాక ఆ కాగితం ఆవిడ చేతికే ఇచ్చి, ఏది ముందు తీర్చాలో ఆవిడనే చెప్పమనండి. పేర్లు తీసేసి ఆ పట్టిక ఇక్కడ పెడితే వడ్డీల లెక్క నేనూ వేసి చెబుతాను.