పాత బ్రిటిష్ సెలూన్ కార్ల రేసులోకి దిగబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు రాసిన ఉత్తరం, దానితో పంపిన లోటస్ కోర్టినా అనే 1960ల నాటి కారు అమ్మకం ప్రకటన రెండూ శ్రద్ధగా చదివాను. పాత బ్రిటిష్ సెలూన్ కార్ల రేసుల్లో పాల్గొనాలన్న నీ ఉత్సాహం మీద నీళ్లు చల్లే ఉద్దేశం నాకు లేదు. ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ శని ఆదివారాలు ఆ కార్ల కింద వెల్లకిలా పడుకుని గడిపినవాణ్ణి, నీకు వద్దని చెప్పే అర్హత కూడా నాకు లేదు. అయితే మొదటి కారుగా కోర్టినా కొనవద్దనీ, వెయ్యి సీసీకి అటూ ఇటూ ఇంజన్ ఉండే చిన్న కారుతో మొదలుపెట్టమనీ గట్టిగా చెప్పదలచుకున్నాను. కారణాలు చదివిన తర్వాత కూడా నీకు కోర్టినాయే కావాలనిపిస్తే అప్పుడు కాదనను.

1964లో ప్రఖ్యాత రేసు డ్రైవర్ జిమ్ క్లార్క్ బ్రిటిష్ సెలూన్ కార్ ఛాంపియన్‌షిప్ గెలిచింది ఈ కారుతోనే. మలుపులో లోపలి వైపు ముందు చక్రం నేలను వదిలి గాలిలో తేలుతుండగా తీసిన ఆనాటి ఫొటో చూసి మనసు పారేసుకున్నవాళ్లలో నువ్వు మొదటివాడివీ కావు, చివరివాడివీ కావు. ఆ ఫొటోలో కారు వెనక భాగం కింద ఏముందో కనిపించదు. తొలి కార్లలో వెనక ఇరుసును కాయిల్ స్ప్రింగులతో పాటు 'ఏ' అక్షరం ఆకారంలో ఉండే ఒక బ్రాకెట్ పట్టి ఉంచుతుంది. ఆ బ్రాకెట్, వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ పెట్టెకు బిగించి ఉండటం వల్ల మలుపుల్లో పడే బరువంతా ఆ పెట్టె మీదికి వచ్చి, బోల్టులు వదులై, ఆయిల్ కారడం మొదలవుతుంది. ఈ తలనొప్పి భరించలేకే 1965లో ఆ అమరికను మానేసి మామూలు పట్టీ స్ప్రింగులకు వెళ్లారు. ముందున్న 1558 సీసీ ట్విన్ కామ్ (వాల్వులను తెరిచే కామ్‌షాఫ్టులు రెండున్న) ఇంజన్ గొప్పదే, కానీ దాన్ని విప్పి సరిగ్గా బిగించగలిగే చేతులు తక్కువ, వాటి కూలీ ఎక్కువ. పైగా మామూలు రెండు తలుపుల కోర్టినాకు తెల్ల రంగు వేసి, పక్కన ఆకుపచ్చ చార గీసి, చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకునేవాళ్లు ఈ దేశంలోనూ ఉన్నారు. నువ్వు పంపిన ప్రకటనలో, కారు అసలుదో కాదో తేల్చుకోవడానికి పనికొచ్చే ఛాసిస్ నంబరు గురించి ఒక్క ముక్క కూడా లేకపోవడం నాకు నచ్చలేదు.

జాగ్వార్ మార్క్ 2 సంగతి కూడా అడిగావు. 3.8 లీటర్ల ఇంజన్‌తో సుమారు ఒకటిన్నర టన్నుల బరువును పరుగెత్తించి, ప్రతి మలుపు ముందూ దాన్ని ఆపాలి. టైర్లకూ బ్రేకులకూ ఎంతవుతుందో నువ్వే ఊహించుకో. చూడటానికి అంత అందమైన సెలూన్ మరొకటి లేదని మాత్రం ఒప్పుకుంటాను.

చిన్న కారు అనగానే చిన్నతనంగా భావించకు. క్లార్క్ గెలిచిన ఆ ఛాంపియన్‌షిప్‌లో పాయింట్లు ఇంజన్ పరిమాణాన్ని బట్టి విడదీసిన తరగతుల వారీగా ఇచ్చేవారు; అందువల్ల ముందుగా గీత దాటినవాడే విజేత కానక్కరలేదు. 1961లో జాన్ విట్‌మోర్ మినీతో ఛాంపియన్ అయ్యాడు. 1970, 71, 72 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు బిల్ మెక్‌గవర్న్ గెలిచింది వెయ్యి సీసీ లోపు ఇంజన్ ఉన్న సన్‌బీమ్ ఇంప్‌తో. అన్నిటికంటే నాకు ఇష్టమైనది 1958 నాటి మొదటి ఛాంపియన్‌షిప్ కథ. ఆస్టిన్ వెస్ట్‌మినిస్టర్ నడిపిన జాక్ సియర్స్, 3.4 లీటర్ల జాగ్వార్ నడిపిన టామీ సాప్‌విత్ పాయింట్లలో సరిసమానంగా నిలిచారు. నాణెం ఎగరేసి తేల్చుకోవడం ఇద్దరికీ ఇష్టం లేకపోయింది. అప్పుడు ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హ్యాచ్ రేసు ట్రాక్‌కు ఒకేలాంటి రెండు రైలీ 1.5 కార్లను తెప్పించి, ఐదు ల్యాపులు నడిపించి, కార్లు మార్చి మరో ఐదు ల్యాపులు నడిపిస్తే, మొత్తం సమయంలో 1.6 సెకన్ల తేడాతో సియర్స్ గెలిచాడు. ఆ రైలీలో ఉన్నది ఏ ఇంజనో తెలుసా? మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి ఉన్న 1489 సీసీ బీ-సిరీస్ ఇంజన్ కుటుంబమే. మీ తాతగారి కారు బానెట్ ఎత్తి నువ్వు చిన్నప్పుడు చేయి కాల్చుకున్నది దాని మీదే కనుక, ఈ కార్లు నీకు బొత్తిగా పరాయివి కావు.

కాబట్టి ఆస్టిన్ ఏ35, మినీ, హిల్‌మన్ ఇంప్ (మెక్‌గవర్న్ నడిపిన సన్‌బీమ్ ఇంప్‌కు తోబుట్టువు) ఈ మూడింటిలో ఒకటి ఎంచుకో. ఇంప్ ఇంజన్ అల్యూమినియంతో చేసింది, వెనక ఉంటుంది, తేలిక. కానీ వేడెక్కితే క్షమించదు. ఏ35 ఇంజన్ 948 సీసీ, కొత్తగా వచ్చినప్పుడు దాని శక్తి 34 హార్స్‌పవర్ మాత్రమే. రేసుకు తయారుచేసిన వాటిలో అంతకంటే బాగా ఎక్కువే ఉంటుంది గానీ, మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని దారి తిన్నగా ఉన్నచోట తిరిగి తెచ్చుకునేంత ఉండదు. ఎక్కడ అనవసరంగా బ్రేకు తొక్కావో, ఎక్కడ స్టీరింగ్ ఎక్కువ తిప్పావో తర్వాతి నూరు గజాల్లో కారే నీకు చెబుతుంది. ఎక్కువ శక్తి ఉన్న కారు ఆ తప్పును దాచిపెడుతుంది, అందుకే అది గురువుగా పనికిరాదు. ఇక్కడొక జాగ్రత్త: ఏ35కు ముందు బ్రేకులు మాత్రమే హైడ్రాలిక్, వెనకవి కడ్డీలతో లాగేవి. కొనబోయే కారులో వాటిని నియమాల ప్రకారం ఎంతవరకు మార్చారో అడిగి తెలుసుకో.

నీకు మినీయే సరిపోతుందని నా అంచనా, ఎందుకంటే విడిభాగాలు ఏ మూలనైనా దొరుకుతాయి, దాని గురించి తెలిసినవాళ్లు ప్రతి పాడాక్‌లోనూ (ట్రాక్ పక్కన రేసు కార్లు నిలిపే చోట) ఉంటారు. కానీ దాన్ని నడపడం వేరే విద్య. ముందు చక్రాలే లాగుతాయి, అవే తిరుగుతాయి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీశావంటే బరువు ముందుకు ఒరిగి, వెనక భాగం తేలికై, చుట్టూ తిరిగిపోతుంది. బ్రాండ్స్ హ్యాచ్‌లో మొదటి మలుపైన పాడాక్ హిల్ దీన్ని నేర్చుకోవడానికి మంచి చోటు, దెబ్బ తినడానికి కూడా. కుడివైపు తిరిగే ఆ మలుపు కొన నువ్వు దిగేదాకా కనిపించదు. నేల ఒక్కసారిగా పల్లానికి జారి, అడుగున కారును కిందికి నొక్కి, వెంటనే డ్రూయిడ్స్ అనే తర్వాతి మలుపు వైపు ఎత్తెక్కిస్తుంది. వేగం తగ్గించే పనంతా మిట్ట మీదే, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడే ముగించుకోవాలి. తిప్పడం మొదలుపెట్టాక కాలు నిలకడగా యాక్సిలరేటర్ మీద ఉండాలి. వెనక జారుతున్నట్టు అనిపిస్తే ఇంకొంచెం తొక్కాలి, ముందు చక్రాలు కారును లాగి సరిచేస్తాయి. మనసు ఒప్పుకోని పని ఇది, అందుకే రేసుకు ముందు టెస్ట్ రోజుల్లో, ఎదుటివాళ్ల తొందర లేనప్పుడు అలవాటు చేసుకోవాలి. ఈ రేసుల్లో సాధారణంగా వాడే పాతకాలపు డన్‌లప్ రేసు టైర్లు కొత్త టైర్లలాగా గట్టిగా పట్టుకుని ఒక్కసారిగా వదిలేయవు. ముందే జారడం మొదలుపెట్టి, హెచ్చరిస్తూ జారుతాయి. ఆ జారుడుకు కంగారు పడకుండా ఉండటమే మొదటి ఏడాది పాఠం.

ఇక కారు సంరక్షణ. రేసు మధ్యలో ఆగిపోయే కార్లలో ఎక్కువ భాగం షెడ్డులో చూడని చిన్న పనుల వల్లే ఆగిపోతాయని నేను చూసినంతలో చెప్పగలను. మినీలో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ ఒకటే ఆయిల్. గేర్ల పళ్లు అరిగిన పొడి అదే ఆయిల్‌లో కలిసి ఇంజన్ బేరింగుల దాకా వెళ్లే ప్రమాదం ఉంటుంది కనుక, రేసు వారాంతం గడిస్తే ఆయిల్ మార్చడానికి బద్ధకించకు. అడుగున ఆయిల్ వదిలే బిరడాకు అయస్కాంతం ఉంటుంది. దాన్ని విప్పి, తెల్ల గుడ్డ మీద తుడిచి, వెలుతురులో చూడు. బూడిద రంగు మెత్తటి పేస్టు అంటితే కంగారు లేదు. గోటి అంచుకు గుచ్చుకునే మెరిసే రేకులు కనిపిస్తే మాత్రం, ఇంజన్ ఎంత చక్కగా మోగుతున్నా ఆ కారును ట్రాక్ మీదికి తీసుకెళ్లవద్దు. అలాగే ప్రతి సెషన్ తర్వాత పానా పట్టుకుని ముందు చక్రాల నట్ల నుంచి మొదలుపెట్టి సస్పెన్షన్, స్టీరింగ్, ఎగ్జాస్ట్ బిగింపుల వరకు ఒకే వరుసలో చూసుకుంటూ రావాలి. వరుస మారిస్తే ఏదో ఒకటి తప్పిపోతుంది.

పెట్రోలు విషయం కొత్తవాళ్లు మరిచిపోతారు. ఈ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలు కోసం చేసినవి. బ్రిటన్‌లో దాని అమ్మకం 2000లో ఆగిపోయింది కాబట్టి, సీసం లేని పెట్రోలును తట్టుకునే గట్టి వాల్వు సీట్లు వేశారో లేదో అడుగు. 2021 నుంచి బంకుల్లో మామూలుగా దొరికేది పది శాతం దాకా ఇథనాల్ ఉండే పెట్రోలు. అది పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది. గొట్టాలన్నీ మార్పించి, ఐదు శాతం రకమే పోయించు.

కారు చూడటానికి వెళ్లినప్పుడు రంగు చూడకు, కాగితాలు చూడు. అంతర్జాతీయ స్థాయి చారిత్రక రేసులకు ప్రపంచ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ రూపొందించిన 'అపెండిక్స్ కే' నియమాలు వర్తిస్తాయి. కారు ఆనాటి నిర్దేశాల ప్రకారమే ఉందని చెప్పే హెచ్‌టీపీ అనే పత్రం ఉంటే దాని విలువ వేరు. క్లబ్బు రేసుల్లో నియమాలు క్లబ్బును బట్టి మారతాయి, కనుక ముందు ఏ క్లబ్బులో దిగాలో నిర్ణయించుకుని, ఆ నియమాల పుస్తకం చదివి, అప్పుడు కారు వెతుకు. చాలామంది ఈ పని తలకిందులుగా చేస్తారు. మినీ అయితే వెనక చక్రాలను మోసే సబ్‌ఫ్రేమ్ బిగించేచోట, తలుపుల కింది పట్టీల్లో తుప్పు ఉంటుంది. కోర్టినా అయితే ముందు సస్పెన్షన్ స్ట్రట్ల పైభాగంలో. చిన్న స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకెళ్లి, అమ్మేవాడి అనుమతి అడిగి పొడిచి చూడు. వద్దన్నాడంటే నీకు జవాబు దొరికినట్టే.

లైసెన్సు పెద్ద అడ్డంకి కాదు. ఆర్డ్స్ అనే రేసు లైసెన్సు పరీక్షలో జెండాల గురించి, భద్రత గురించి రాతపరీక్ష, ట్రాక్ మీద నడిపి చూపించే పరీక్ష ఉంటాయి. అందులో నెగ్గాక బ్రిటన్‌లో మోటారు క్రీడలను నడిపే మోటార్‌స్పోర్ట్ యూకే సంస్థ లైసెన్సు ఇస్తుంది. మొదటి కొన్ని రేసుల్లో కారు వెనక, కొత్తవాడివని తెలిపేలా, పసుపు రంగు మీద నల్ల గుణకారం గుర్తు అంటించుకోవాలి, దానికి సిగ్గుపడకు. దీనికి ముందే ఒకటి రెండు వారాంతాలు మార్షల్‌గా (ట్రాక్ పక్కన జెండాలు చూపి భద్రత చూసేవాడిగా) స్వచ్ఛందంగా పనిచెయ్. మలుపు పక్కన నిలబడి రోజంతా చూస్తే, ఎవరు ఎక్కడ బ్రేకు తొక్కుతున్నారో, ఎవరు ఎందుకు గడ్డిలోకి వెళుతున్నారో ఏ డ్రైవింగ్ స్కూలూ చెప్పనంత తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో పాత కార్ల రేసు వేడుక అయిన గుడ్‌వుడ్ రివైవల్‌లో జరిగే సెయింట్ మేరీస్ ట్రోఫీ అనే సెలూన్ రేసు గురించి రాశావు. అది ఆహ్వానం మీద మాత్రమే దొరికే చోటు, దాని ఊసు కొన్నేళ్ల తర్వాత ఎత్తుదాం. ప్రేక్షకుడిగా మాత్రం ఈ సెప్టెంబరులోనే వెళ్దాం. యుద్ధకాలపు విమానాశ్రయం చుట్టూ వేసిన ఆ దారి చూస్తే, మద్రాసు దగ్గర షోలవరం రన్‌వే మీద హెరాల్డు కార్లూ అంబాసిడర్లూ పరుగెత్తిన రోజులు నాకు గుర్తొస్తాయి.

డబ్బు గురించి సూటిగా రాస్తాను. కారుకు ఎంత పెట్టదలిచావో అందులో సగం మొత్తాన్ని మొదటి సీజన్ ఖర్చులకు విడిగా తీసి పెట్టుకో. అలా తీయలేకపోతే ఇంకా చవకైన కారు కొను. రోడ్డు మీద నడిపే కారుకు చేసే మామూలు బీమా రేసులో జరిగే నష్టానికి వర్తించదు. షెడ్డులో ఉన్నప్పుడు, ట్రైలర్ మీద వెళ్తున్నప్పుడు, ట్రాక్ మీద ఉన్నప్పుడు, మూడింటికీ రక్షణ ఉందో లేదో విడివిడిగా అడుగు. హెల్మెట్, మెడను కాపాడే హాన్స్ పరికరం, మంటలు తట్టుకునే దుస్తులు, సీటు బెల్టులు, ఇవి మాత్రం పాతవి కొనవద్దు. బెల్టుల మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది. కారుతో వచ్చిన బెల్టులు ఎంత కొత్తగా కనిపించినా ఆ తేదీ చూసి మార్చు. ఎందుకంటే తనిఖీ అధికారి మొదట చూసేది దాన్నే.

నీ దగ్గర ఉన్న ఆ కోర్టినా ప్రకటన ఇచ్చినవాడికి మర్యాదగా వద్దని రాసెయ్. వచ్చే నెలలో మా ఇంటికి రా, ఇక్కడికి దగ్గరలోనే రెండు మినీలు అమ్మకానికి ఉన్నాయి, రెండూ పైకెత్తి చూద్దాం. మురికైనా ఫరవాలేదనుకునే బట్టలు తెచ్చుకో. ఇక అక్కయ్యకు ఈ సంగతి చెప్పే బాధ్యత నాది కాదు, నువ్వే చెప్పుకోవాలి. హెల్మెట్, హాన్స్ పరికరం కొన్న తర్వాత, వాటిని వీడియో కాల్‌లో చూపిస్తూ చెప్పావంటే కాస్త తక్కువ తిట్లతో బయటపడతావు.

ఆశీస్సులతో,
మీ మామయ్య