చెన్నైలో పాత ఫ్లాట్ కొనేటప్పుడు ఎలాంటి పగులు ప్రమాదకరం?

పిల్లరు మీదో బీము మీదో లోపలి ఇనుప కడ్డీ వెంబడి పొడవునా పగులు సాగి, అంచున తుప్పు మరక ఉంటే అది ప్రమాదకరమే. ప్లాస్టరింగ్ మీది వెంట్రుకవాసి గీతలు సాధారణంగా కావు. ఇనుము తుప్పుపడితే రెండు రెట్లకు పైగా ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచే చీలుస్తుంది. సముద్రపు ఉప్పుగాలికి ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. ఉదాహరణకు బీసెంట్ నగర్ తీరాన పాత ఇల్లు చూడటానికి వెళ్తే, తలెత్తి బాల్కనీ శ్లాబు అడుగుభాగం చూడండి: పెచ్చులూడి కడ్డీలు బయటపడ్డాయా? కర్రతో తట్టితే డొల్ల శబ్దం వస్తోందా? అక్కడ మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే మరీ జాగ్రత్త. బ్యాంకు రుణం ఇస్తోందంటే కట్టడం గట్టిదేనని చాలామంది నమ్ముతారు, అది పొరపాటు. బ్యాంకు తరఫున వచ్చేవారు ప్రధానంగా లెక్కగట్టేది ఇంటి విలువ. పటుత్వం తేల్చాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీరు. అడ్వాన్సు ఇవ్వకముందే చూపించండి.