గది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను వెంటిలేషన్ యంత్రాలతో పట్టుకోవచ్చా?

పట్టుకోవచ్చు, అయితే ఆ పని చేసేది ఫ్యానో మామూలు ఫిల్టరో కాదు, గాలి దారిలో అమర్చిన అమీన్ (కార్బన్ డయాక్సైడ్‌ను తనకు అంటించుకునే నత్రజని సమ్మేళనం) వంటి రసాయన పదార్థం. బయటి గాలిలో ఈ వాయువు పది లక్షల భాగాలకు సుమారు 425 ఉంటే, తలుపులు మూసి జనం కూర్చున్న గదిలో 1,000 దాటడం మామూలే కాబట్టి, పట్టుకోవడం అక్కడ కొంత సులువు. పైగా గాలిని తోసే ఫ్యాన్లు భవనంలో ముందే ఉంటాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గాలిని జియోలైట్ అనే, సూక్ష్మ రంధ్రాలతో వాయువును పట్టి ఉంచే ఖనిజపు గుళికల గుండా పంపుతారు. గుళికలు నిండాక వేడిచేస్తే వాయువు విడిపోయి, అవి మళ్లీ పనికొస్తాయి. ఈ వేడికయ్యే విద్యుత్తే అసలు ఖర్చు.

హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫయర్ కూడా ఇదే చేస్తుందని చాలామంది పొరబడతారు. అది ధూళికణాలను ఆపుతుందే తప్ప, వాటికన్నా ఎన్నో రెట్లు చిన్నవైన వాయు అణువులు దాని పోగుల మధ్య నుంచి సాఫీగా జారిపోతాయి.