రికార్డులు వేరేవాళ్ళవైతే ఆస్ట్రియా స్కీయర్ హెర్మన్ మైయర్‌ని ఎందుకంత గొప్పవాడంటారు?

మీరు అడిగింది న్యాయమైన ప్రశ్నే. వరల్డ్ కప్ అంటే ప్రతి చలికాలం వేర్వేరు చోట్ల జరిగే స్కీ రేసుల వరస. ఆ రేసుల్లో స్వీడన్‌వాడు స్టెన్‌మార్క్ 86 గెలిచాడు. ఆస్ట్రియాకే చెందిన హిర్షర్ 67 గెలిచాడు. మైయర్‌వి 54. సీజన్ మొత్తంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాళ్ళకిచ్చే ఓవరాల్ టైటిళ్ళు హిర్షర్‌కి 8, మైయర్‌కి 4. అయినా నన్నడిగితే మైయరే అంటాను. ఉద్యోగం కోసం సాల్జ్‌బర్గ్ వచ్చి, పెద్దయ్యాక ఇక్కడే స్కీయింగ్ నేర్చుకున్నాను. మైయర్ సొంతూరు ఫ్లాహౌ ఇక్కడికి దగ్గరే.

మైయర్ పడిపోయే వీడియో చూశానన్నారు కదా, అది 1998 నగానో ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ అనే అన్నిటికంటే వేగమైన రేసులోది. గాల్లోకి లేచి, తలకిందులుగా పడి, రక్షణ వలలు చీల్చుకుంటూ వెళ్ళి ఆగాడు. మూడు రోజులకే సూపర్-జిలో (డౌన్‌హిల్ కంటే మలుపులు కాస్త ఎక్కువుండే వేగపు రేసు) స్వర్ణం, ఇంకో మూడు రోజులకి జెయింట్ స్లాలమ్‌లో (మలుపులు ఇంకా ఎక్కువుండే రేసు) స్వర్ణం. ప్రపంచానికి ఆయన తెలిసింది దాంతోనే. కానీ నాకు అంతకంటే దానికి ముందూ తర్వాతా జరిగిందే గొప్పగా అనిపిస్తుంది.

చిన్నప్పుడు ష్లాడ్‌మింగ్‌లోని స్కీ స్కూల్లో చేరితే, మోకాళ్ళు బలంగా లేవని వెనక్కి పంపేశారు. తాపీ పని నేర్చుకున్నాడు. చలికాలంలో నాన్నగారి స్కీ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. 1996 జనవరిలో ఫ్లాహౌలో వరల్డ్ కప్ జెయింట్ స్లాలమ్ జరిగింది. పోటీదారులకంటే ముందు ట్రాక్‌ని పరీక్షించడానికి కొందరిని దిగమంటారు, అలా దిగినవాళ్ళలో ఈయనొకడు. ఆ టైమ్‌ని పోటీలో లెక్కేస్తే 12వ స్థానం! అప్పటికి ఆయన వయసు 23. హిర్షర్ ఆ వయసుకే మొదటి ఓవరాల్ టైటిల్ గెలిచేశాడు. అంత ఆలస్యంగా మొదలుపెట్టి 54 గెలవడం మామూలు విషయం కాదు.

అందులో 24 సూపర్-జిలోనే. ఆ రేసుకి ముందుగా ప్రాక్టీసు పరుగు ఉండదు. పొద్దున ట్రాక్ పక్కన నెమ్మదిగా జారుతూ ఓసారి చూసుకోవాలి, అంతే. ఏ మలుపులో ఎంత తెగించవచ్చో ఆ చూపులోనే తేల్చుకోవాలి.

ఇక 2001 ఆగస్టు. మోటార్‌సైకిల్‌ని కారు గుద్దింది. కుడికాలి ఎముక మోకాలి కింద నుజ్జయింది, కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంత పరిస్థితి. లోపల టైటానియం రాడ్ వేశారు. 2002 ఒలింపిక్స్ పోయింది. స్కీ బూటు తొడుక్కున్నవాళ్ళకి ఇది ఎంత కష్టమో బాగా అర్థమవుతుంది. గట్టి ప్లాస్టిక్ బూటు, పిక్క సగం దాకా వస్తుంది, బకిల్స్ బిగిస్తే మడమ కదలదు. ప్రతి మలుపులోనూ మోకాలి కింది ముందు ఎముకతోనే బూటు ముందుభాగాన్ని నొక్కాలి. నాలాంటివాడు ఓ పూట నెమ్మదిగా స్కీయింగ్ చేసి బూటు విప్పినా అక్కడ ఎర్రగా కమిలిపోయి ఉంటుంది. ఆయన సరిగ్గా ఆ ఎముకే విరిగినవాడు, దిగేదేమో వంద కిలోమీటర్ల వేగంతో.

2003 జనవరిలో మళ్ళీ బరిలోకి దిగి, అదే నెలలో కిట్జ్‌బ్యూల్‌లో సూపర్-జి గెలిచాడు. అది ఒక్కరోజు మొండితనం అనుకోవచ్చు. కానీ ఆ తర్వాతి సీజన్‌లో, 2004లో, ఓవరాల్ టైటిల్ గెలిచాడు చూడండి, నా లెక్కలో ఆయన కెరీర్‌లో అన్నిటికంటే పెద్దది అదే. ప్రతి రేసులో మొదటి స్థానానికి 100 పాయింట్లు, రెండోదానికి 80, మూడోదానికి 60, ఇలా చలికాలమంతా వారం వారం పోగేసుకోవాలి. ఒక రేసుకి గుండె ధైర్యం చాలు, సీజన్ మొత్తానికి కాలు కూడా సహకరించాలి కదా. 2005లో బోర్మియోలో జెయింట్ స్లాలమ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, 2006 టురిన్ ఒలింపిక్స్‌లో ఒక రజతం, ఒక కాంస్యం తెచ్చుకున్నాడు. 2009లో రిటైరయ్యాడు.

నగానో వీడియో ఎలాగూ చూశారు కాబట్టి, కిట్జ్‌బ్యూల్ 2003 కూడా వెతికి చూడండి. ఎడమవైపు మలుపుల మీద కన్నేసి ఉంచండి. అక్కడ బరువంతా పడేది కుడికాలి మీదే.