డిసెంబరులో సియాటెల్ నుంచి బే ఏరియాకు కారులో వెళ్లడం: సిస్కియూ దగ్గర మా అనుభవం

క్రిస్మస్ సెలవుల్లో ఇద్దరు పిల్లలతో, ఫ్రంట్ వీల్ డ్రైవ్ కామ్రీలో సియాటెల్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాకు వెళ్లొచ్చా, రెండు రోజులు చాలా అని అడిగారు. వెళ్లొచ్చండి. మేం చలికాలంలో మూడుసార్లు వెళ్లాం. కానీ మూడో రోజు కూడా చేతిలో ఉంచుకుని బయల్దేరండి.

సుమారు 800 మైళ్ల దారిలో టెన్షన్ పెట్టేది ఆరెగాన్‌లోని ఆష్‌లాండ్ నుంచి కాలిఫోర్నియాలోని రెడింగ్ వరకే. ఆష్‌లాండ్ దాటగానే ఐ-5 హైవే ఒక్కసారిగా ఎక్కడం మొదలవుతుంది. సిస్కియూ సమ్మిట్, అంటే ఆ కనుమలో ఎత్తైన చోటు, 4,310 అడుగులు, ఐ-5 మొత్తం మీద అంత ఎత్తు ఇంకెక్కడా లేదు. అది దిగితే గండం గడిచిందనుకుంటాం. కానీ వీడ్ దాటాక రోడ్డు మళ్లీ దాదాపు 3,900 అడుగులకు ఎక్కుతుంది. మౌంట్ శాస్తా, డన్స్‌మ్యూర్ దగ్గర కూడా మంచు బాగానే పడుతుంది. అందుకే మొదటి రాత్రి మెడ్‌ఫోర్డ్‌లోనో ఆష్‌లాండ్‌లోనో ఆగండి. పొద్దున బాగా వెలుగొచ్చాక కనుమ ఎక్కండి.

మొదటిసారి మేం ఆగలేదు. రాత్రికి రెడింగ్ చేరిపోదామనుకున్నాం. ఆష్‌లాండ్ దాటేసరికి ఆరు, చిమ్మచీకటి, మంచులో జారకుండా టైర్లకు చైన్లు వేసుకోమని బోర్డు. కొన్న చైన్ల పెట్టె అప్పటిదాకా తెరవనే లేదు. రోడ్డు పక్కన బురద మంచులో మోకాళ్ల మీద కూర్చున్నాను, మా ఆవిడ ఫోన్ లైటు పట్టుకుంది. టైరు లోపలి వైపు కొక్కెం కంటికి కనిపించదు, చేత్తో తడిమే తగిలించాలి. ఊలు గ్లోవ్స్ తడిసిపోయి వేళ్లకు స్పర్శే లేదు. నలభై నిమిషాలైనా ఒక్క టైరు కాలేదు. వెనుక సీట్లో చిన్నది ఏడుపు. వెనక్కి వెళ్లి మోటెల్‌లో పడుకున్నాం. పొద్దున తొమ్మిదికల్లా మంచు తీసేశారు, చైన్లు లేకుండానే దాటాం.

కాబట్టి ఇంటి దగ్గరే రెండుసార్లు చైన్లు వేసి, తీసి చూడండి. మీ కారుకు ముందు చక్రాలకే వేయాలి. కొన్ని సైజు టైర్లకు చైన్లు వేయొద్దని కారు మాన్యువల్‌లోనే ఉంటుంది, కొనే ముందే చూసుకోండి. గిన్నెలు తోముకునే రబ్బరు గ్లోవ్స్, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత మ్యాట్, తలకు కట్టుకునే లైటు పెట్టుకోండి. చైన్లు వేశాక కొంచెం దూరం నడిపి, ఆగి మళ్లీ బిగించండి. 30 మైళ్ల వేగం దాటొద్దు. అద్దె కారైతే చైన్లు వేయనిస్తారో లేదో ముందే అడగండి.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఐ-5 మూసేస్తే ఫోన్ మ్యాప్ చూపించే అడవి రోడ్లలోకి వెళ్లకండి. 2006 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన జేమ్స్ కిమ్ కుటుంబం ఆరెగాన్‌లో ఐ-5 మీద తిరగాల్సిన మలుపు దాటిపోయి, బేర్ క్యాంప్ రోడ్డు వైపు వెళ్లి మంచులో చిక్కుకుంది. భార్యనూ ఇద్దరు పిల్లలనూ కాపాడగలిగారు. సాయం కోసం నడిచి వెళ్లిన ఆయన మాత్రం చలికి చనిపోయారు. రోడ్డు మూసి ఉంటే ఊళ్లోనే ఆగండి.

రోడ్ల పరిస్థితి తెలియడానికి ఆరెగాన్‌కు ట్రిప్‌చెక్, కాలిఫోర్నియాకు క్విక్‌మ్యాప్ అనే వెబ్‌సైట్లు చూడండి. రెండింటిలోనూ రోడ్డు కెమెరాలు ఉంటాయి, పొద్దున కాఫీ తాగుతూ సమ్మిట్ దగ్గర రోడ్డు నల్లగా ఉందో తెల్లగా ఉందో చూసుకోవచ్చు. మెడ్‌ఫోర్డ్‌లో ట్యాంకు నింపుకోండి. దుప్పట్లు, నీళ్లు, పులిహోర డిక్కీలో కాకుండా పిల్లల పక్కనే పెట్టుకోండి. మీ టైరు సైజు చెప్తే ఏ చైన్లు సరిపోతాయో చూసి చెప్తాను.